బాడుగ ఇంటి కాగితాలు

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ వంటల గురించి కాదు, పిల్లల పెంపకం గురించీ కాదు, కాగితాల గురించి మాట్లాడుకుందాం. కాగితాలు మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే అని రేడియో కట్టేయకండి. ఓ పావుగంట వినండి.

మనలో చాలామందికి వుంటున్న ఇల్లు కాక మరో చిన్న ఆస్తి వుంటుంది. మేడమీద రెండు గదులో, ఇంటి ముందు ఓ దుకాణమో, సొంత వూళ్ళో అత్తమామలు కట్టించిన మిద్దో. దాన్ని బాడుగకిస్తాం. కోస్తావాళ్ళు అద్దె అంటారు, మన సీమలో బాడుగ అంటాం. పేరేదయినా నెలనెలా వచ్చే ఆ నాలుగు రూపాయలే పిల్లల ఫీజులకూ, పెద్దవాళ్ళ మందులకూ, పండగలకూ ఆసరా.

మాకు రుద్రవరంలో ఇల్లుంది. మేం వుండేది నంద్యాలలో. రుద్రవరం నల్లమల అంచున వున్న మండల కేంద్రం. తహసీల్దారు ఆఫీసు, అటవీశాఖ రేంజి ఆఫీసు, స్కూళ్ళు వున్నాయి గనుక ఉద్యోగాల మీద వచ్చేవాళ్ళు ఇళ్ళకోసం అడుగుతూనే వుంటారు. రెండేళ్ళో మూడేళ్ళో వుంటారు, బదిలీ రాగానే సామాను లారీకెత్తుకుని వెళ్ళిపోతారు. ఇంకొకరు వస్తారు. తాళంచెవి ఇచ్చేది ఎవరు? ఇంటావిడ. బాడుగ తీసుకునేది ఎవరు? చాలా ఇళ్ళల్లో ఇంటావిడే. కుళాయి చెడినా, కరెంటు పోయినా ఫోను చేసేది ఆమెకే. కాని కాగితం అడిగితే మాత్రం "ఆయన్నడగాలి, ఎక్కడ పెట్టారో" అంటాం. పని మన చేతిలోనూ, కాగితం మరొకరి చేతిలోనూ వుండడమే చిక్కులకు మొదలు.

మా వూళ్ళో జరిగిన ఒక సంగతి చెబుతాను. పేర్లు మనకు అక్కరలేదు. ఒకాయన తన పక్క ఇల్లు ఓ టీచరు కుటుంబానికి బాడుగకిచ్చాడు. ఆరేళ్ళు రెండు కుటుంబాలూ అన్నదమ్ముల్లా వున్నారు. ఇంటాయన హఠాత్తుగా పోయాడు. ఏడాది తిరక్కముందే టీచరుగారికి బదిలీ అయింది. వెళ్ళేముందు వచ్చి, "వదినా, మా అడ్వాన్సు 40,000 రూపాయలు" అన్నాడు. ఆమెకు తెలిసింది 20,000. "ఆయన నాతో చెప్పకుండా వుంటారా?" అని ఆమె. "మీ దగ్గర నేను అబద్ధమాడతానా?" అని ఆయన. మాటామాటా పెరిగింది. పెద్దమనుషులు కూర్చున్నారు. తీరా తేలిందేమిటంటే, ఇంటాయన ఆస్పత్రి ఖర్చులకు చాలక ఇంకో 20,000 అడిగి తీసుకుని, "ఇది కూడా అడ్వాన్సు కిందే జమ వేసుకుందాం" అన్నాడట. ఆయన పాస్‌బుక్కులో ఆ నెల ఆ సొమ్ము జమ పడి వుంది. ఆమె మొత్తం ఇచ్చేసింది. కాని ఆరేళ్ళ స్నేహం మాత్రం తిరిగి రాలేదు. చూశారా, ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. సంగతి తెలిసిన మనిషి లేడు, రాసిన కాగితం లేదు. అంతే.

అందుచేత కాగితం రాసుకోవడమంటే ఎదుటివాళ్ళమీద అనుమానం కాదు. మనిషి మరిచిపోతాడు గనుక, మనిషి ఎల్లకాలం వుండడు గనుక రాసుకోవాలి. మా పక్కనే అహోబిలం వుంది. 16వ శతాబ్దం మొదట్లో శ్రీకృష్ణదేవరాయలు అక్కడికి వచ్చి నరసింహస్వామికి నగలూ సొమ్మూ సమర్పించుకున్నాడు. ఇచ్చి వూరుకోలేదు, ఇచ్చినదంతా రాతిమీద చెక్కించాడు. దేవుడికీ రాజుకీ మధ్యనే లెక్క రాసుకున్నారంటే మనమెంత!

ఇక అసలు పనిలోకి వద్దాం. బాడుగ ఇంటి కాగితాలన్నిటినీ మూడు కట్టలు చేయండి. ఇంటి హక్కు కాగితాలు ఒక కట్ట. బాడుగకున్నవాళ్ళ కాగితాలు రెండో కట్ట. పన్నులు, బిల్లులు, మరమ్మతుల రశీదులు మూడో కట్ట. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. మూడు రంగుల అట్ట ఫైళ్ళు, ఓ పొడుగు నోటుబుక్కు, ఓ కలం చాలు. పప్పుల డబ్బాలో ఉప్పు పోయకుండా చూసుకునే మనకు ఇదో లెక్కా?

మొదటి కట్టలో క్రయదస్తావేజు వుండవచ్చు, అన్నదమ్ముల భాగపరిష్కార పత్రం వుండవచ్చు, దానపత్రమో వీలునామానో వుండవచ్చు. అంతకుముందు ఆ ఇల్లు ఎవరి చేతినుంచి ఎవరి చేతికొచ్చిందో చెప్పే పాత పత్రాలు, అంటే లింకు డాక్యుమెంట్లు కూడా ఇందులోనే వుండాలి. ఈ కట్ట విప్పే అవసరం ఏడాదికోసారి కూడా రాదు. కనుక అసలు పత్రాలు లాకరులోనో బీరువాలోనో పెట్టి, జెరాక్సు కాపీలు మాత్రం ఫైలులో వుంచుకోండి. బాడుగకొచ్చేవాళ్ళ చేతికి అసలు పత్రం ఇవ్వాల్సిన పని ఎన్నటికీ లేదు.

మీరు చేయాల్సిన ముఖ్యమైన పని ఒకటుంది. దస్తావేజు తీసి మూడు సంగతులు నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. దస్తావేజు నంబరు, రిజిస్టరయిన సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు అన్నది. ఇవి మూడూ మన ఇంటి జాతకం లాంటివి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు పట్టణం మునిగిపోయిన రోజులు మీకు గుర్తుండే వుంటాయి. అలాంటి సమయంలో బియ్యమూ బట్టలతోపాటు బీరువాల్లోని కాగితాలూ నీళ్ళపాలవుతాయి. రిజిస్టరయిన పత్రం పోయినా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దాని నకలు వుంటుంది. నంబరూ సంవత్సరమూ చెబితే రుసుము కట్టించుకుని సర్టిఫైడ్ నకలు ఇస్తారు. రిజిస్టరు కాని కాగితానికి మాత్రం నకలు ఎక్కడా దొరకదు. ఒక్కటే కాపీ, అది తడిస్తే అంతే సంగతులు.

ఆ ఆఫీసులోనే ఈసీ, అంటే ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు ఇస్తారు. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం వరకు ఈ ఇంటిమీద రిజిస్టరయిన అమ్మకాలూ తాకట్టులూ ఏమున్నాయో అందులో వుంటుంది. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని 1998లో మొదలయింది గనుక ఇప్పుడు ఈసీ తీసుకోవడం సులువయింది. రెండు మూడేళ్ళకోసారి ఒకటి తీయించి ఫైలులో వేయండి. మనకు తెలియకుండా మన ఇంటిమీద ఏదయినా రాత నడిచిందేమో తెలిసిపోతుంది. అయితే రిజిస్టరయినవే అందులో కనబడతాయని మరిచిపోవద్దు.

పాత దస్తావేజులు చదివేటప్పుడు వూరి చిరునామా చూసి కంగారుపడే వాళ్ళుంటారు. రుద్రవరం నంద్యాల జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు కాగితాలన్నిటా కర్నూలు జిల్లా అనే వుంటుంది. మండలాలొచ్చింది 1985లో గనుక ఇంకా పాత వాటిలో తాలూకా పేరుంటుంది. జిల్లా పేరు మారినంత మాత్రాన పత్రం చెల్లకుండా పోదు. పత్రంలో ముఖ్యంగా చూడాల్సింది హద్దులు. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట వీధి అని నాలుగు దిక్కులూ రాసివుంటాయి. ముప్పై ఏళ్ళయితే ఆ ఇళ్ళవాళ్ళంతా మారిపోతారు. ఇప్పుడెవరున్నారో విడి కాగితం మీద రాసి జతపరచండి. అసలు పత్రం మీద మాత్రం పెన్సిలు గీత కూడా పడనివ్వకండి. స్థలం సెంట్లలో వుంటే లెక్క ఇది: ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు, 435.6 చదరపు అడుగులు. నూరు సెంట్లు ఒక ఎకరం.

పల్లెల్లో గ్రామకంఠంలోని ఇళ్ళకు చాలావాటికి రిజిస్టరు పత్రమే వుండదు. తాతల నాటినుంచి వుంటున్నాం, పంచాయతీకి ఇంటిపన్ను కడుతున్నాం, అంతే. అలాంటివాళ్ళకు పన్ను రశీదులు బంగారంతో సమానం. ఏళ్ళ తరబడి ఆ ఇల్లు మన స్వాధీనంలో వుందనడానికి అవి సాక్ష్యం. కాని పన్ను రశీదొక్కటే హక్కు పత్రం కాదు, ఈ తేడా తెలుసుకోవాలి. పల్లెల్లోని ఇళ్ళను డ్రోనుతో కొలిచి యజమానులకు ఆస్తి కార్డులిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టింది. మీ సొంత వూళ్ళో ఆ కొలతలు జరిగాయేమో, అందులో ఎవరి పేరు రాశారో పంచాయతీ ఆఫీసులో కనుక్కోండి. పట్నంలో వుండి వూళ్ళో ఇల్లున్నవాళ్ళే ఇలాంటివి ఎక్కువగా పోగొట్టుకుంటారు. కొలవడానికి వచ్చిన రోజు ఇంట్లో వున్నది బాడుగవాళ్ళు గనుక.

ఇక రెండో కట్ట. బాడుగకొచ్చిన ప్రతి కుటుంబానికీ ఒక కవరు పెట్టండి. పైన పేరు, వచ్చిన తేదీ రాయండి. వాళ్ళు ఖాళీచేసిన రోజు వెళ్ళిన తేదీ కూడా రాసి కవరు మూసేయండి. పారేయవద్దు. లోపల ఏముండాలంటే, మొదటిది ఒప్పంద పత్రం.

"పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషను అక్కరలేదు" అనే మాట మీరందరూ వినే వుంటారు. ఈ మాట కొంచెం జాగ్రత్తగా వినాలి. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుకే రిజిస్ట్రేషను తప్పనిసరి. అందుకే దేశమంతటా పదకొండు నెలల అలవాటు వచ్చింది. కాని మన రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించింది. 1999 ఏప్రిల్ 1 నుంచి లీజు పత్రం ఎంత కాలానికి రాసినా రిజిస్టరు కావాల్సిందే. రిజిస్టరు కాని పత్రాన్ని రేపు కోర్టులో పెట్టి, "చూడండి, బాడుగ ఇంత, గడువు ఇంత అని రాసుకున్నాం" అంటే ఆ షరతులకు దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. ఆ మనిషి ఇంట్లోకి బాడుగకే వచ్చాడని చూపడం లాంటి పక్క విషయాలకు మాత్రమే పనికొస్తుంది. అదీ తగిన స్టాంపు వుంటేనే.

మరి చిన్న ఇంటికి కూడా రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాలా అంటారు. రోడ్డుమీది దుకాణమయినా, పెద్ద అడ్వాన్సు తీసుకున్నా, అయిదేళ్ళూ పదేళ్ళూ గడువు పెట్టినా తప్పకుండా వెళ్ళండి. అక్కడ మిగిలిన ఖర్చు తరువాత వకీలు ఫీజులో పోతుంది. నెలనెలా బాడుగకిచ్చే రెండు గదుల ఇంటికి చాలామంది బాండు కాగితంతోనే సరిపెడుతున్నారు. అలా చేసేవాళ్ళు ఆ కాగితం బలమెంతో తెలుసుకుని, నేను ఇప్పుడు చెప్పబోయే బాడుగ పుస్తకం విషయంలో రెండింతలు జాగ్రత్తగా వుండాలి.

ఒప్పందంలో ఏమేం వుండాలి? ఇచ్చేవారి పేరు, తీసుకునేవారి పేరు. ఏ ఇల్లు, ఎన్ని గదులు. బాడుగ ఎంత, ఏ తేదీలోగా ఇవ్వాలి. అడ్వాన్సు ఎంత, ఏ రోజు ఏ రూపంలో ముట్టింది. కరెంటు, నీళ్ళు, పంచాయతీ పన్ను ఎవరు కట్టాలి. సున్నం ఎవరు వేయించాలి. ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. నెలనెలా బాడుగ ఇళ్ళ విషయంలో విడిగా ఏమీ అనుకోకపోతే 15 రోజుల నోటీసు అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. ఆ నోటీసు నోటిమాటగా కాదు, రాసి సంతకం చేసి వుండాలి. పిల్లల పరీక్షలుంటాయి, ఇల్లు దొరకాలి. 15 రోజుల్లో ఎవరు సర్దుకోగలరు? ఒకటి రెండు నెలలు అని ముందే రాసుకుంటే ఇద్దరికీ మంచిది. నోటీసు తపాలాలో పంపాల్సి వస్తే ఆ రశీదు కూడా ఆ కవరులోనే వేయండి. రిజిస్టరు పోస్టును 2025లో స్పీడు పోస్టులో కలిపేశారు, కౌంటరు దగ్గర తికమకపడకండి.

రెండోది గుర్తింపు కాగితం. ఆధారు కాపీ అడగడంలో తప్పులేదు. కాని అది వాళ్ళ సొత్తు. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్కు చేసిన ఆధారు తీసుకుంటే చాలు. కాపీ మీద "ఇల్లు బాడుగకు మాత్రమే" అని వాళ్ళ చేతే రాయించి తేదీ వేయించండి. వాళ్ళ కాగితాలు పక్కింటివాళ్ళకు చూపడం, వాట్సాపులో ఒకరికొకరు పంపుకోవడం మర్యాద కాదు. మన దస్తావేజు ఎంత గుట్టుగా దాచుకుంటామో వాళ్ళ కాగితమూ అంతే.

మూడోది అప్పగింత జాబితా. ఇల్లు ఇచ్చే రోజు వాళ్ళను వెంటబెట్టుకుని గది గదీ తిరగండి. ఫ్యాన్లెన్ని, ట్యూబులైట్లెన్ని, కుళాయిలెన్ని, తాళంచెవులెన్ని, నాపరాళ్ళు ఎక్కడయినా పగిలివున్నాయా, కిటికీ అద్దాలు సరిగా వున్నాయా, అన్నీ రాయండి. అన్నిటికన్నా ముఖ్యం కరెంటు మీటరు రీడింగు. ఆ రోజు అంకె రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫోనులో ఒక్కో గదికి ఒక ఫోటో తీసి ఇద్దరి దగ్గరా వుంచుకోండి. పోయేటప్పుడు "ఈ రాయి మేం రాకముందే పగిలింది" అన్న మాటకు తావుండదు. నిజంగా ముందే పగిలివుంటే వాళ్ళకు అన్యాయమూ జరగదు.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమయినది బాడుగ పుస్తకం. పాలవాడి పద్దు రాసినట్టే. తేదీ, ఏ నెల బాడుగ, ఎంత ముట్టింది, నగదా ఫోను ద్వారానా, మిగులు బాకీ ఎంత, తీసుకున్నవారి సంతకం, ఇచ్చినవారి సంతకం. ఇలాంటివి రెండు పుస్తకాలు పెట్టండి. ఒకటి మన దగ్గర, ఒకటి వాళ్ళ దగ్గర. రెండింటా ఒకేసారి రాయాలి. నగదుగా 5,000 రూపాయలకు మించి తీసుకుంటే రశీదుమీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయాలి.

"ఇప్పుడంతా ఫోను ద్వారానే కదా, పుస్తకమెందుకు?" అని మా ఇంట్లో బాడుగకున్న అమ్మాయి అడిగింది. "నువ్వు 8,000 పంపావనుకో, అది రెండు నెలల బాడుగో, ఒక నెల బాడుగా మరో 4,000 చేబదులో ఫోనుకు తెలుస్తుందా తల్లీ?" అన్నాను. "నిజమే అక్కా" అని ఆ రోజు నుంచి డబ్బు పంపేటప్పుడు "జూలై బాడుగ" అని రాసి మరీ పంపుతోంది. ఫోనులో మాట కలిపి పంపే వీలుంది గనుక మీరూ అడిగి అలా రాయించండి. బ్యాంకు పాస్‌బుక్కు నెలకోసారి ప్రింటు వేయించి బాడుగ పుస్తకంతో సరిచూసుకోండి. ఫోను మారితే, నీళ్ళలో పడితే, స్క్రీనుషాట్లన్నీ పోతాయి. పాస్‌బుక్కు పోదు.

ఈ పుస్తకం విలువ ఇంకొక భయం గురించి చెబితే మీకు బాగా తెలుస్తుంది. "పన్నెండేళ్ళుంటే ఇల్లు వాళ్ళదైపోతుందట" అని చాలామంది ఆడవాళ్ళు బెదిరిపోతుంటారు. ఆ భయంతో మంచివాళ్ళను కూడా మూడేళ్ళకే లేపేస్తారు. అసలు సంగతి ఇది. 1963 నాటి కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ళ మాట వుంది. అది మన హక్కును కాదని, ఇల్లు తనదేనని పైకి చెప్పుకుంటూ వున్నవాడి విషయం. బాడుగవాడు మన అనుమతితో వచ్చాడు. బాడుగ కడుతూ పన్నెండేళ్ళు కాదు, పాతికేళ్ళున్నా బాడుగవాడే. బాడుగకు దిగినవాడు, దిగిన నాడు ఇల్లు యజమానిది కాదని తరువాత అనడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య చట్టంలోనూ ఆ నియమం వుంది. అయితే అతను బాడుగకే వచ్చాడని మనం చూపగలగాలి. అతని సంతకాలున్న బాడుగ పుస్తకం కన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

నిజానికి జాగ్రత్త పడాల్సింది ఉచితంగా వుండనిచ్చిన చుట్టాల విషయంలో. "మనవాళ్ళే కదా, వుండనీ" అని తాళంచెవి ఇచ్చేస్తాం. రశీదు వుండదు, పుస్తకం వుండదు. ఇరవై ఏళ్ళ తరువాత వాళ్ళ పిల్లలకు ఇల్లు ఎలా వచ్చిందో తెలియదు. మనసు నొప్పించకుండానే, "ఇల్లు మీదే, మీరు వుండమన్నారు గనుక వుంటున్నాం" అని ఒక చిన్న ఉత్తరం రాయించుకుని కవరులో పెట్టుకోండి. ఆ ఇంటి పన్ను మాత్రం మీరే కడుతూ, రశీదు మీ దగ్గరే వుంచుకోండి.

బాకీలకూ గడువుంది. రావలసిన బాడుగకోసం దావా వేయాలంటే ఆ బాకీ పడ్డ నాటినుంచి మూడేళ్ళలోపు వేయాలి. "పోనీలే, ఇస్తారులే" అని నాలుగేళ్ళు వూరుకుంటే మొదటి ఏడాది బాకీ అడిగే దారి మూసుకుపోతుంది. అందుకే ప్రతి నెలా మిగులు బాకీ అంకె వేసి సంతకం తీసుకోమన్నాను.

అడ్వాన్సు గురించి ఒక మాట. అది మన డబ్బు కాదమ్మా, మన దగ్గర దాచిన డబ్బు. బ్యాంకులో విడిగా వేస్తే మంచిది. వాళ్ళు ఖాళీచేసే రోజు అప్పగింత జాబితా చేతబట్టుకుని మళ్ళీ గదులన్నీ తిరగండి. లెక్క కాగితం మీద వేయండి. అడ్వాన్సు 12,000 అనుకుందాం. సగం నెల బాడుగ 2,000, ఆఖరి కరెంటు బిల్లు 460, విరిగిన కుళాయి 150. మొత్తం 2,610. తిరిగి ఇవ్వాల్సింది 9,390. ఈ లెక్క కింద "ముట్టినది, బాకీ లేదు" అని ఇద్దరూ సంతకాలు చేయండి. నెల తరువాత ఎవరి మాటా ఎవరూ పడనక్కరలేదు. ఇల్లు ఖాళీ చేసేవాళ్ళకు ఆ డబ్బుతోనే కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టాల్సి వుంటుందని కూడా గుర్తుంచుకోండి. రేపు మాపు అని తిప్పించుకోవడం ఇంటావిడకు గౌరవం కాదు.

మూడో కట్ట బిల్లులూ రశీదులూ. కరెంటు సర్వీసు మన పేర వుంటుంది గనుక వాళ్ళు కట్టకుండా పోతే ఆ బాకీ మన తలకే చుట్టుకుంటుంది. సర్వీసు నంబరు నోటుబుక్కులో రాసుకోండి. బిల్లులమీద పేర్లు మారుతూ వచ్చాయి. 1999 వరకు రాష్ట్ర విద్యుత్ బోర్డు, తరువాత కర్నూలు ప్రాంతానికి సెంట్రల్ డిస్కం, 2014 నుంచి సదరన్ డిస్కం. పాత బిల్లు వేరే కంపెనీదని పారేయకండి. ఒకే మీటరుమీద రెండు కాపురాలుంటే యూనిట్లు కలిసి పై శ్లాబులోకి పోయి ఇద్దరికీ ఎక్కువ పడుతుంది. వీలయితే వేరే మీటరు పెట్టించండి. లేదంటే సబ్ మీటరు పెట్టి నెలనెలా ఒకే తేదీన రీడింగు రాయండి.

ఇంటిపన్ను రశీదులు ఏడాది వరసన కుట్టండి. ఇందులో ఒక లాభముంది. ఆదాయపు పన్ను లెక్క వేసేటప్పుడు వచ్చిన బాడుగలోంచి, యజమాని ఆ ఏడాది కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో నూటికి 30 వంతులు మరమ్మతుల వగైరా కింద మినహాయిస్తారు. మరమ్మతు రశీదులు చూపక్కరలేదు. ఇంటిపన్ను రశీదు మాత్రం వుండాలి. ఇంకొకటి, ఉద్యోగస్తులు తమ ఇంటి బాడుగ అలవెన్సుకోసం మనల్ని రశీదులడుగుతారు. ఏడాది బాడుగ లక్ష రూపాయలు దాటితే యజమాని పాన్ నంబరు కూడా అడుగుతారు. విసుక్కోకండి, అది వాళ్ళ హక్కు. తీసుకున్నదానికే రశీదివ్వండి. ఎక్కువ వేసి ఇమ్మంటే మాత్రం మర్యాదగా కాదనండి. ఆ అంకె రేపు మన ఆదాయం కింద లెక్కకొస్తుంది.

ఇవన్నీ ఎప్పుడు చేయాలి? ఏప్రిల్‌లో కొత్త పుస్తకం మొదలుపెట్టండి, పాతదానికి ఏడాది మొత్తం కూడి వేయండి. వానలకు ముందు మూడు కట్టలూ తీసి నీడన గాలికి ఆరబెట్టండి. మా నల్లమల అంచు వూళ్ళల్లో చెద ఎక్కువ. ట్రంకుపెట్టె నేలమీద కాకుండా బల్లమీద పెట్టి, నాలుగు ఎండు వేపాకులు వేయండి. దస్తావేజులకు ప్లాస్టిక్ లామినేషన్ చేయించకండి, తరువాత విడదీయడం కష్టం. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒప్పందాల గడువులు చూడండి. ముఖ్యమయిన పత్రాలకు ఫోటోలు తీసి మీ ఫోనులోనే కాక కొడుకో కూతురో ఎవరో ఒకరి దగ్గర కూడా వుంచండి.

చివరగా, చెప్పడానికి మనసొప్పని మాట ఒకటి చెప్పక తప్పదు. ఇల్లు భర్త పేర వుండి, ఆయన వీలునామా రాయకుండా పోతే ఆ ఇల్లు భార్య ఒక్కదానిదే అయిపోతుందని మనలో చాలామంది అనుకుంటాం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో భార్యకూ, కొడుకులకూ, కూతుళ్ళకూ, ఆయన తల్లి వుంటే ఆమెకూ సమానంగా వాటాలు వస్తాయి. అప్పుడు తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, బాడుగవాళ్ళకు ఇకనుంచి ఎవరికి ఇవ్వాలో రాసి చెప్పాలి, బాడుగ ఎవరి లెక్కలోకి వస్తుందో తేలాలి. ఏడుస్తున్న ఇంట్లో, దుఃఖం ఆరకముందే ఈ కాగితాలు వెతుక్కోవాల్సి వస్తే ఆ ఇల్లాలి అవస్థ వర్ణించలేం. అంచేత ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, "మన ఇంటి కాగితాలు ఏవెక్కడున్నాయో నాకు చూపండి, అడ్వాన్సులు ఎవరికెంత ఇవ్వాలో రాయండి" అని అడగండి. అపశకునం అనుకోకండి. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు చెప్పనే చెప్పారు.

ఈ ఆదివారం మొదటి కట్టతో మొదలుపెట్టండి. దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్ట్రారు ఆఫీసు. ఈ మూడూ రాసుకుంటే పని సగం అయినట్టే. మిగతా సగం నెలకు పది నిమిషాల పని.